లోపలి గడియ

ఈస్టరు ఆదివారం

చేశాను. ఎవరేమైనా అనుకోనీ, చేశాను.

తెల్లవారుజాము ఆరాధన చివర్లో, అందరూ చూస్తుండగా, మందిరం తలుపుకు వేలాడే తాళంకప్ప ఊడదీసి నా పనిసంచిలో పడేశాను. "సమాధి రాయి దొర్లింది ఆయన బయటికి రావడానికి కాదు! రాయి ఉండగానే ఆయన లేచాడు. మనం లోపలికి పోవడానికి దొర్లింది ఆ రాయి! లేచినవాణ్ణి నమ్మేవాళ్ళ మందిరానికి తాళమేంటి? యాభై రోజులు, పెంతెకొస్తు పండగ దాకా ఈ తలుపుకు తాళం పడదు. పడితే నా చేత్తో పడదు!" అన్నాను. గొంతు బొంగురుపోయింది. ముందు బెంచీల్లో ఆడవాళ్ళు ఏడ్చారు. వెనక బెంచీల్లో మగవాళ్ళు నిద్ర లేచారు. ఇంతకన్నా ఏం కావాలి?

అయ్యాక సంఘ పెద్ద పక్కకు పిలిచాడు. బ్యాంకులో క్యాషియరుగా ఏళ్ళ తరబడి చేసిన మనిషి. తాళం లేని గదిని చూస్తే ఆయనకు చెమటలు పోస్తాయి.

"తమ్ముడూ, ప్రసంగానికి వంక పెట్టలేను. మరి సౌండు బాక్సుల సంగతి?"

"అన్నగారూ, పేతురు ప్రభువు సమాధి దగ్గరకు సౌండు బాక్సులు మోసుకుంటూ పరిగెత్తలేదు."

"ఆయనకు లేవు కాబట్టి పరిగెత్తాడు. మనకున్నాయి."

ఇంటికొచ్చాక మా ఆవిడ అందుకుంది. "తాళాలు చేసి బతికే మనిషి తాళాలు వద్దంటాడు! ముందు మీ నోటికి ఒకటి చేసుకోండి. కాస్త గట్టిది చూసి."

అమ్మాయి నవ్వింది. కట్టు కట్టిన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పైకే నవ్వింది. మొగుణ్ణి వదిలి మా దగ్గరికి వచ్చేశాక అది నవ్వడం ఇదే మొదలు. స్తోత్రం.

వేళ్ళు తలుపు సందులో పడ్డాయని అల్లుడన్నాడు. పడలేదని అమ్మాయి అంది. అంతకుమించి అది చెప్పలేదు, నేను అడగలేదు. అన్నీ తవ్వకూడదు.

పాటలే చప్పగా సాగాయి. పాడించేవాడు అల్లుడే కదా. వాడు లేని ఈస్టరు ఉప్పు లేని కూరలా ఉంది. ఈ మాట రాయకుండా ఉండాల్సింది.


సోమవారం

నా కొట్టంటే కొట్టేమీ కాదు. రోడ్డు మలుపులో గోడకు ఆనించిన బల్ల, తాళంచెవులు కోసే మిషను, వెనక మేకులకు వరసగా తాళాలు, మిషను పక్కన పరిశుద్ధ గ్రంథం. చెవి కోసేటప్పుడు ఎగిరే ఇత్తడి పొడి పేజీల మధ్య పడి పౌలు పత్రికలన్నీ మెరుస్తుంటాయి.

పక్కన టీకొట్టు. దాని యజమానికి దేవుడితో పేచీ లేదు, నాతోనే.

"ఏమయ్యా బోధకుడా, మందిరానికి తాళం పీకేశావట? రేపు ఇళ్ళకూ పీకేయమంటావా? ముందే చెప్పు. నీ బల్ల లేచిపోతే ఆ జాగాలో నా బెంచీ వేసుకుంటాను."

"ఒక్క ఆదివారం వచ్చి విను. నీతోపాటు నీ బెంచీ కూడా పరలోకం చేరుతుంది."

"బెంచీ పైకి పోతే జనం ఎక్కడ కూర్చుంటారయ్యా!"

సాయంత్రం అమ్మాయి నేను కాళ్ళు కడుక్కునే దాకా ఆగి అడిగింది. "నాన్నా, నా గదికి లోపల గడియ లేదు. లోపలి నుంచి పడే తాళం ఒకటి బిగించవా?"

"మనింట్లో ఎవరికి భయపడుతున్నావే?"

"ఎవరికీ కాదు. బిగిస్తావా?"

"చూద్దాంలే."

నిన్ననే లోకమంతటికీ తలుపులు తెరిచాను. ఇవాళ సొంత ఇంట్లో తాళం బిగిస్తే ఎలా ఉంటుంది? అయినా ఇది విశ్వాసుల ఇల్లు. కాపాడేవాడు కునకడు, నిద్రపోడు.


బుధవారం

అమ్మాయి గది తలుపుకు సరిపడే తాళం దొరకలేదు.


గురువారం

దొరకలేదు.


శుక్రవారం

నా దేవుడు గొప్పవాడు!

పొద్దున్నే కొట్టు తీయబోయే ముందు మందిరానికి వెళ్ళాను. ముందు బెంచీ మీద దుప్పటి మడతపెట్టి ఉంది. కీబోర్డు ముందు అల్లుడు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, తలుపు తెరిచి ఉంచారని విన్నాను. నాలాంటివాడి కోసమేనని అనిపించింది" అన్నాడు.

కాళ్ళ మీద పడ్డాడు. ఏడ్చాడు. మెడ వెనక చిన్నపిల్లాడిలా చెమట. తల మీద చెయ్యి పెట్టాను. ఎలా పెట్టకుండా ఉంటాను? తప్పిపోయిన కొడుకు దూరాన ఉండగానే పరిగెత్తుకెళ్ళిన తండ్రి కథ నేనే ఎన్నిసార్లు చెప్పాను!

"తప్పు జరిగిపోయింది మామయ్యా. ఆమెను చూసి క్షమాపణ చెప్పుకుంటాను. ఒక్కసారి చూడనివ్వండి."

"చూద్దువుగాని."

వీడు తాగడు. సిగరెట్టు కూడా ముట్టడు. గట్టిగా మాట్లాడి ఎరుగడు. అమ్మాయి అన్నట్టు ఇది వీడి పనే అయితే, నెపం వేయడానికి ఒక సీసా అయినా లేదు. అందుకే ఇన్నాళ్ళూ నాకు మింగుడు పడలేదు.

నేను తాళం తీసిన వారం తిరక్కముందే ఒక ఆత్మ లోపలికి నడిచి వచ్చింది. సౌండు బాక్సులట! ఇప్పుడు చెప్పమనండి పెద్దాయన్ని.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆదివారం అయ్యాక చెబుతాను. సమయం చూసుకుని చెప్పాలి.


ఆదివారం

వాడు పాడాడు. ఏం పాట! మందిరం మందిరమంతా లేచి నిలబడింది. క్యాషియరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

ప్రభువు లేచాడంటే నమ్మని శిష్యుడు తోమా మీద ప్రసంగించాను. ఈస్టరు తరవాతి ఆదివారం తోమాదే. "చూస్తేగాని నమ్మనంటావా? ఆయన గాయంలో వేలు పెడితేగాని నమ్మనంటావా? ఎంత గుండె రాయి నీది తోమా!" అని ఉరిమాను. మా ఆవిడ వెనక బెంచీలో ఉంది. అల్లుడు మైకు పట్టుకున్నప్పటి నుంచీ తల పైకెత్తలేదు. అమ్మాయి రాలేదు.

చివర పెద్దాయన ప్రకటించాడు. వచ్చే ఆదివారం భార్యాభర్తలిద్దర్నీ మందిరంలో ప్రభువు బల్ల ముందు నిలబెట్టి, చేతులు కలిపి ప్రార్థన చేయాలట. నావైపు చూశాడు. తలూపాను.

ఇల్లు చేరాక మా ఆవిడ చెప్పులు విడుస్తూ అంది, "ఏ చేతులు కలుపుతారండీ? కట్టున్నదా, లేనిదా?"

ఆమెకు వాక్యంలో లోతు తక్కువ.


సోమవారం

అమ్మాయికి చెప్పాను. అది కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే పని చేసేది. ఇప్పుడు ఒంటిచేత్తో వీలుకాక కొట్టు వాళ్ళు సెలవిచ్చారు. కిటికీ దగ్గర కూర్చుని కుడిచేత్తో బటాణీలు ఒలుస్తోంది.

"వాడు మారాడు తల్లీ. నేను కళ్ళారా చూశాను."

"ఏం చూశావు నాన్నా?"

"ఏడ్చాడు."

"నా ముందు చాలాసార్లు ఏడ్చాడు. ఏడ్చాకే మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఏం చేశానన్నాడు నీతో?"

"తప్పు జరిగిపోయిందన్నాడు."

"ఏ తప్పో అడిగావా?"

అడగలేదు. అది నా మొహం చూసే గ్రహించింది.

"మందిరం తలుపు నువ్వు తీశావు, నీ ఇష్టం. ఆదివారం నా చెయ్యి ఆయన చేతిలో పెడతానని ఎవరన్నారు? ఆ తలుపు ఎవరు తీశారు నాన్నా?"

"క్షమించకపోతే మన ప్రార్థన ఇంటి కప్పు దాటదు. డెబ్బై ఏళ్ళు సార్లు..." ఏడు డెబ్బైల సార్లు క్షమించాలి అనబోయి నోరు తడబడింది. నాకు! వాక్యం చెప్పేటప్పుడు!

"నేను స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తాను. నాతో వస్తావా?"

"విశ్వాసులు విశ్వాసుల మీద వ్యాజ్యానికి పోకూడదు" అని అరిచాను. గట్టిగానే అరిచాను. అది బటాణీల గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ లేదుగా, సగం తెరుచుకుంది. మళ్ళీ వేసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.


మంగళవారం

నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు. వాక్యంలో ఉన్నదే.


బుధవారం

లేదు. తప్పేమీ లేదు.


గురువారం

ఇవాళ్టిది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వాక్యాలు అతికించను.

మధ్యాహ్నం మా ఆవిడ టీకొట్టు ఆయన ఫోనుకు చేసింది. ఆయన పరిగెత్తుకొచ్చి, "మీ ఇంట్లో ఎవరో పాడుతున్నారట, నిన్ను రమ్మంటోంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మిషను ఆపకుండానే పరుగెత్తాను.

వీధి మొదట్లోనే వినిపించింది. అల్లుడి గొంతు. ఈస్టరు పాట. మెత్తగా, చక్కగా, ఒక్క స్వరం జారకుండా. మందిరంలో వింటే నాకు కన్నీళ్ళు వచ్చే పాట.

గుమ్మం తెరిచే ఉంది. లోపల మా ఆవిడ ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని నిలబడింది. ప్లగ్గు ఊడి తీగ నేల మీద ఈడ్చుకుంటోంది. అయినా పెట్టె దించలేదు. ఆమెకు అవతల, అమ్మాయి గది తలుపు మీద అరచెయ్యి ఆనించి, తలుపుకు నోరు దగ్గరగా పెట్టి వాడు పాడుతున్నాడు. లోపల ఇనపమంచం నేల మీద గీరుకుంటున్న చప్పుడు. వాడు అరచేత్తో కొంచెం నొక్కేవాడు, తలుపు వేలెడు తెరుచుకునేది. లోపల్నుంచి మంచం గీరుకునేది, తలుపు మూసుకునేది. వాడు పాట ఆపకుండానే మళ్ళీ నొక్కేవాడు.

నన్ను చూసి నవ్వాడు.

"వింటోంది మామయ్యా. మెత్తబడుతోంది."

"చెయ్యి తియ్యి."

"మీరే కదా తలుపులు తెరిచి ఉండాలన్నారు. ఆదివారం దాకా ఆగడం ఎందుకని..."

"పాట ఆపు ముందు. చెయ్యి తియ్యి. బయటికి నడు."

"మామయ్యా, క్షమించమని మీరే ప్రసంగించారు." అప్పుడూ గొంతు పెంచలేదు వాడు. మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనం నా వెన్ను మీద పాకింది.

"ప్రసంగించాను. నడువు."

చొక్కా పట్టుకున్నాను. వాడు చొక్కా సర్దుకుంటూ వెళ్ళాడు, గడప దాటేటప్పుడు మా ఆవిడకు నమస్కారం కూడా పెట్టి. మా ఆవిడ ఇస్త్రీపెట్టెతోనే సమాధానం చెప్పబోయింది. నేనే అడ్డుపడ్డాను.

కొట్టుకు వెళ్ళాను. మేకుల మీద తాళాలన్నీ నన్నే చూస్తున్నాయి. దొరకలేదట! అన్నిటికన్నా మంచిది తీశాను, రెండు గడియలది, లోపలి నుంచి తిప్పితే ఉక్కు నాలుక గోడలోకి దిగేది. డ్రిల్లు, ఉలి, మరలు పట్టుకుని తిరిగొచ్చాను. తలుపు బయటినుంచి అడిగాను.

"అమ్మా, తాళం బిగిస్తాను. లోపలికి రానా?"

లోపల మంచం వెనక్కి గీరుకుంది.

బిగించాను. ఒక మర వంకర పోతే పీకి మళ్ళీ వేశాను. అమ్మాయి గడియ వేసి, తీసి, వేసి, తీసి చూసుకుంది. తాళంచెవులన్నీ దాని కుడి అరచేతిలో పోశాను.

"ఒకటి మన దగ్గర ఉంచుకుందామా?" అంది మా ఆవిడ.

"మనకెందుకు?" అన్నాను.


శుక్రవారం

కొట్టు తీయలేదు. పొద్దుటి నుంచి యోహాను సువార్త చివరి అధ్యాయాల్లోనే ఉన్నాను, వేలు పెట్టి అక్షరం అక్షరం.

నా బుర్ర ఏ ఆకురాయితో అరగదీయాలో తెలియదు. ఇరవయ్యో అధ్యాయం నాకు కంఠతా. ప్రభువు లేచిన ఆదివారం సాయంత్రం శిష్యులు భయంతో తలుపులు మూసుకుని కూర్చున్నారు. ఆయన వచ్చాడు. ఎందుకు మూశారని అడిగాడా? అడగలేదు. విశ్వాసం లేదా అన్నాడా? అనలేదు. మీకు సమాధానం, అంటే శాంతి కలుగుగాక అన్నాడు. చెప్పి, మేకులు దిగిన తన చేతులు చూపించాడు. తన చేతులు!

వారం గడిచింది. ఆయన లేచాడని వాళ్ళకు ఎరుకే. అప్పుడూ తలుపులు మూసే ఉన్నాయి. మూసే ఉన్నాయని రాసి ఉంది, ఇన్నేళ్ళూ నా కళ్ళు దాని మీదుగా దూకి తోమాను తిట్టడానికి పరుగెత్తాయి. ఆయన మళ్ళీ వచ్చాడు, మళ్ళీ సమాధానమే చెప్పాడు. తాళం గురించి ఒక్క మాట అనలేదు. తలుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కలేదు. చూస్తేగాని నమ్మనన్నవాడితో, చూడు అన్నాడు. గాయపడినవాడు తన గాయం చూపించాడు. గాయపరిచినవాడు వచ్చి పాడాడని ఎక్కడా లేదు.

నేనేమో ఎవర్ని తోమా అన్నాను?

ప్రభువా, నాకు కోపంగా ఉంది. నీ మీద కాదు. ఒకవేళ నీ మీద కూడానేమో. ఇంత స్పష్టంగా రాయించి నా నోటికి ఇంత చప్పుడెందుకిచ్చావు?


శనివారం

పెద్దాయన కొట్టుకొచ్చాడు. టీకొట్టు ఆయన అడక్కుండానే టీ ఇచ్చి, వినడానికి వీలుగా గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

"తమ్ముడూ, అల్లుణ్ణి ఇంట్లోంచి గెంటావట. రేపటి ప్రార్థనకు అందరికీ చెప్పేశాం."

"మళ్ళీ చెప్పండి, లేదని."

"పశ్చాత్తాపపడిన మనిషయ్యా!"

"పశ్చాత్తాపపడిన మనిషి ఏం చేశాడో చెబుతాడు. వీడు పాడాడు."

"కాపురం నిలబెట్టడం మన పని కాదా? ఎదుటివాళ్ళ ముందు సంఘం పరువు..."

"నా కూతురి వేళ్ళు విరిగినప్పుడు ఈ పరువు ఎక్కడుంది అన్నగారూ? సౌండు బాక్సుల వెనక దాక్కుందా?"

ఆయన మొహం ఎర్రబడింది. "పోలీసు స్టేషన్‌కు పోతుందట అమ్మాయి. విశ్వాసుల మీద విశ్వాసులు..."

"వాక్యం నాకు చెప్పకండి. ఆ వాక్యం సోమవారం నేనే దాని మొహాన కొట్టాను. అది రాసిన పౌలే, ప్రాణం మీదికొచ్చినప్పుడు రోమా చక్రవర్తి కైసరు దగ్గరే తేల్చుకుంటానన్నాడు. కూర్చుని పాటలు పాడలేదు."

"జైల్లో పాడాడు" అన్నాడు పెద్దాయన. ఒక్క క్షణం ఇద్దరికీ నవ్వొచ్చింది. మింగేశాం.

"అలాగైతే రేపు నువ్వు ప్రసంగానికి నిలబడొద్దు."

"నిలబడతాను. దించుకోండి."

ఆయన వెళ్ళాక టీకొట్టు ఆయన గ్లాసు బోర్లిస్తూ అన్నాడు, "ఇవాళ్టి ప్రసంగం బాగుందయ్యా. చిన్నదిగా ఉంది."


ఆదివారం

నిలబడ్డాను. అల్లుడు ముందు బెంచీలో, తెల్లచొక్కాలో.

చెప్పాను. మూసిన తలుపుల గురించి, ఆయన చూపించిన చేతుల గురించి. "పోయినవారం ఇక్కడ గాయపరిచినవాణ్ణి పాడించి, గాయపడినదాన్ని తోమా అన్నవాడు ఎవరు? నేను! తలూపినవాడు ఎవరు? నేను! ఇవాళ ఈ చేతులు కలపడం జరగదు" అన్నాను.

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ లాగారు. నాకు మైకెందుకు? నా గొంతు తాళాల మిషను మీదుగా, లారీల మీదుగా వినిపిస్తుంది. అల్లుడి వైపే తిరిగాను.

"ఈ తలుపు నీకూ తెరిచే ఉంటుంది. రా. వెనక బెంచీలో కూర్చో, విను. మైకు ముట్టుకోవద్దు. నీ చేత్తో ఏం చేశావో అడిగినవాళ్ళకు నీ నోటితో చెప్పే దాకా పాటలు వద్దు. నా కూతురి తలుపు మాత్రం నాది కాదు, సంఘానిది కాదు. గడియ లోపల ఉంది, చెవి దాని చేతిలో ఉంది. ఇంకోసారి ఆ తలుపు మీద చెయ్యి వేస్తే..." ఏమంటానో అని అందరూ చూశారు. "మా ఆవిడ దగ్గర ఇస్త్రీపెట్టె ఉంది. ఈసారి ప్లగ్గులో ఉంటుంది."

వెనక ఎవరో ఆడమనిషి పక్కున నవ్వింది. సగం మంది లేచి వెళ్ళిపోయారు. అల్లుడు అందరికన్నా నెమ్మదిగా వెళ్ళాడు, కనబడినవాళ్ళకల్లా చేతులు జోడిస్తూ.


సోమవారం

స్టేషన్‌కు వెళ్ళాం, నేనూ, మా ఆవిడా, అమ్మాయీ. కిటికీకి పరదా లేని చిన్నగది, ఊగే కుర్చీ ఒకటి. రాసుకునే అధికారిణి నన్ను చూసి, "మీరు తండ్రా? చెప్పండి" అంది.

నా జీవితంలో ఎవరూ "చెప్పండి" అంటే నేను చెప్పకుండా ఉండలేదు.

"అమ్మాయి చెబుతుంది. నేను కూర్చుంటాను" అన్నాను.

చెప్పింది. మొదటి నుంచీ. మధ్యలో మంచినీళ్ళు తాగింది, మళ్ళీ చెప్పింది. వేళ్ళ దగ్గరకు వచ్చేసరికి కట్టు విప్పి బల్ల మీద చెయ్యి పరిచింది. "పడలేదు. నా మణికట్టు పట్టుకుని తలుపు సందులో పెట్టి, ఇంకో చేత్తో తలుపు వేశాడు. వేసి తీశాడు. మళ్ళీ వేశాడు."

పాతికేళ్ళుగా తలుపులతోనే బతుకుతున్నాను. ఏ తలుపు ఎంత బరువో, ఏ మడతబందు ఎంత గట్టిగా కొడుతుందో ముట్టుకుంటే తెలుస్తుంది నాకు. తనంతట తాను పడిన తలుపు గోరు నల్లగా చేస్తుంది, రెండు ఎముకలు విరవదు. ఇది నాకు తెలియదా? ఎవరైనా వేరేవాళ్ళ ఇంట్లో జరిగి ఉంటే, తలుపు చూసి చెప్పి ఉండనా?

చూశాను ఆ వేళ్ళు. రెండూ వంకరగా అతుక్కున్నాయి. ఇన్నాళ్ళూ కట్టు చూశాను, వేళ్ళు చూడలేదు.

అధికారిణి అడిగింది, "మీరేమైనా చేర్చాలా?"

"ఆమె చెప్పింది ప్రతి మాటా నిజం. నమ్ముతున్నాను" అన్నాను.

అమ్మాయి నావైపు తిరగలేదు. కానీ కట్టు మళ్ళీ కట్టుకునేటప్పుడు రెండో కొస నాకు అందించింది, పట్టుకోమని.


బుధవారం

అల్లుణ్ణి స్టేషన్‌కు పిలిచారట. అక్కడా ఏడ్చాడట.

కొట్టుకు వచ్చేవాళ్ళు తగ్గారు. మా సంఘం వాళ్ళు అవతలి వీధి తాళాలవాడి దగ్గర చెవులు కోయించుకుంటున్నారు. కోయించుకోనీ. వాడికి పళ్ళు సరిగా తీయడం రాదు, తలుపుల ముందు నిలబడి తిప్పి తిప్పి చావనీ. (ఇలా రాయకూడదు. కొట్టేయను.)


శుక్రవారం

సాయంత్రం అమ్మాయి గది తలుపు తట్టాను.

"ఎవరు?"

"నేనే."

"ఒక్కడివేనా?"

కన్నతండ్రిని పట్టుకుని ఒక్కడివేనా అని అడుగుతుందా అని ఒళ్ళు మండింది. ఒక్క క్షణమే. అడగాలి. నన్నే అడగాలి.

"ఒక్కణ్ణే తల్లీ."

గడియ తీసింది.


ఆదివారం

మందిరానికి తాళం పడింది. నా చేత్తో పడలేదు, ఆ మాట దక్కింది. ఎక్కడో కొన్నారు. పైన మెరుగు, లోపల రేకు. పరిస్థితి చక్కబడేదాకా ఆరాధన క్యాషియరుగారి ఇంట్లోనట. నాకు కబురు లేదు.

మెట్ల ముందు నిలబడ్డాను. మా ఆవిడ పక్కన. అమ్మాయి వచ్చింది, అడగకుండానే వచ్చింది. చేతికి కట్టు లేదు. ముందు బెంచీల్లో ఏడ్చే ఆడవాళ్ళలో కొందరు వచ్చారు. ఆ ప్రసంగం రోజు పక్కున నవ్వినావిడ మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఎండ ఎక్కుతోంది. టీకొట్టు ఆయన కెటిలుతో దిగబడ్డాడు. దేవుడి కోసం కాదట, బేరం కోసమట.

తాళాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఇదా తాళం! ఏమయ్యా బోధకుడా, నీకిదో లెక్కా? తీసెయ్!"

ఆ నవ్వినావిడ జడలోంచి పిన్ను తీసి నా ముందు చాచింది. నిజమే. ఊపిరి బిగబట్టి వదిలేలోపు తీయగలను. వేళ్ళు దురద పెట్టాయి కూడా. అందరూ నా చేతుల వంకే చూస్తున్నారు.

"ఎవరున్నారయ్యా లోపల, తీయడానికి?" అన్నాను. "ఆయన పొద్దున్నే లేచి బయటికి వచ్చేశాడు."

మెట్ల మీదే కూర్చున్నాం. గ్రంథం తెరిచాను, ఇత్తడి పొడి ఎండలో మెరిసింది. చదవబోయే ముందు పాట కావాలి. ఎవరు ఎత్తుకుంటారని చూశాను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాడేవాడు పాడితే విని ఏడవడమే అలవాటు మాకు.

అమ్మాయి ఎత్తుకుంది.

దానికి పాట రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ ఇంట్లో వంటగదిలో కూనిరాగం తీసినా వాడు నవ్వి నోరు మూయించేవాడట, మొన్న స్టేషన్‌లో చెప్పింది. మొదటి చరణంలోనే శ్రుతి ఎటో పోయింది. సరిచేద్దామని మా ఆవిడ నోరు తెరవబోతే మోకాలితో తట్టాను.

శ్రుతి తప్పితే తప్పనీ. వీధి చివర సైకిలు తోసుకుంటూ పోతున్న మనిషి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. అది ఇంకాస్త గొంతెత్తింది.